లోక్‌తక్: నీటి మీద గుడిసె, చలికాలం, హక్కు

పోటీ పరీక్షల పుస్తకాల్లో మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు గురించి ఒకే ప్రశ్న ఉంటుంది: తేలియాడే జాతీయ పార్కు ఏది? కైబుల్ లాంజావ్ అని టిక్కు పెట్టేసి ముందుకు పోతాం. అదే సరస్సు మీద ఏడాది పొడవునా మనుషులు కూడా బతుకుతారని ఆ పుస్తకాలు చెప్పవు.

ఫుమ్‌డి అంటే

కుళ్ళిన గడ్డి, వేర్లు, మట్టి కలిసి అల్లుకుపోయిన తేలే దిబ్బే ఫుమ్‌డి. దాని మందంలో అయిదో వంతే పైకి కనిపిస్తుంది, మిగతాదంతా నీటిలోనే. జాలరులు దానిపై వెదురు, గడ్డి, రేకులతో గుడిసె వేసుకుంటారు. అడుగు కుళ్ళేకొద్దీ పైన కొత్త గడ్డి పరుస్తూనే ఉండాలి. ఫుమ్‌డి ముక్కలను వలయంగా కట్టి, అందులోకి చేరిన చేపల్ని పడతారు. ఈ వలయాన్ని అథాఫుమ్ అంటారు. చంపూ ఖాంగ్‌పోక్ ఇలాంటి గుడిసెల ఊరే. సరస్సు పిల్లల కోసం 2017లో తేలే బడి కూడా మొదలైంది.

చలికాలంలో ఏం మారింది

సరస్సు సముద్రమట్టానికి సుమారు 770 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో రాత్రి చలి 5 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. కింద నీళ్ళు, చుట్టూ పొగమంచు. పూర్వం ఈ నెలల్లో నీరు తగ్గి ఫుమ్‌డీలు నేలకు ఆనేవి. వేర్లు మట్టిలోంచి సత్తువ తీసుకునేవి, వానలకు మళ్ళీ తేలేవి. 1983లో 105 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం ఇథాయ్ బ్యారేజీ వచ్చాక నీటిమట్టం చలికాలంలోనూ తగ్గడం లేదు. నేల అందక ఫుమ్‌డీలు పలచబడుతున్నాయి. పాత ఫుమ్‌డీలు నదిలోకి కొట్టుకుపోయే దారీ మూసుకుపోయింది. ఒడ్డున పొలాలు మునిగినవాళ్ళలో చాలామంది చేపల వేటకు మళ్ళారు.

నేరం ఎవరి మీద మోపారు

2006లో వచ్చిన లోక్‌తక్ రక్షణ చట్టం ఫుమ్‌డీలపై గుడిసెలను, అథాఫుమ్‌లను నిషేధించింది. 2011 నవంబర్‌లో, సరిగ్గా చలి మొదలయ్యే వేళ, అధికారులు పోలీసులతో వచ్చి వందలాది గుడిసెలను తగలబెట్టారు. 2022 జూలైలో మళ్ళీ తొలగింపు నోటీసు ఇచ్చారు. బ్యారేజీ మాత్రం అక్కడే ఉంది.

మనకెందుకు

లోక్‌తక్ జాలరుల్లో ఎక్కువమంది మైతేయీలు. దీన్ని దళిత సమస్యగా చూపించడం మా ఉద్దేశం కాదు. కానీ ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చెరువుల గట్లు కూల్చారు. అక్కడ పెద్ద పెట్టుబడిదారుల చెరువులూ ఉన్నాయి, లంక గ్రామాల పేదల బతుకూ ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని అప్పుడూ అన్నాం.

పనిచేసేవాళ్ళు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. రామ్‌సర్ ఒప్పందం చెప్పేది వివేకంతో కూడిన వినియోగం. మనుషుల్ని తరిమేయమని కాదు. జీవించే హక్కులో జీవనోపాధి భాగమని 1985లోనే ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అటవీ హక్కుల చట్టం అటవీ భూముల్లోని నీటివనరుల్లో చేపలపై సామూహిక హక్కును గుర్తిస్తుంది.

1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ నాయకత్వంలో మనవాళ్ళు అడిగింది నీళ్ళు ఎవరివని. లోక్‌తక్ మీద చలికి వణుకుతున్న గుడిసె అడిగేదీ అదే.