పోడు నుంచి పెరటి మడి దాకా

మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది యువకులు ఇంటి పక్కన పావు ఎకరమో అర ఎకరమో కూరగాయలు, పసుపు, అల్లం, మందు మొక్కలు వేయాలని చూస్తున్నారు. మంచి ఆలోచన. కానీ ఏ విత్తనం కొనాలి, ఏ బస్తా వేయాలి అన్న దగ్గరే మాట మొదలవుతోంది. మొదట అడగాల్సింది నేల సంగతి. నేలను సిద్ధం చేయడంలో మనకు పాత చరిత్రే ఉంది.

పోడు అంటే నరికి కాల్చడమేనని బయటివాళ్లు అనుకుంటారు. మన పెద్దలు ఎండలు ముదరకముందే కొండవాలు మీద పొదలు, కొమ్మలు నరికి ఆరబెట్టేవారు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు చెట్లను ఉంచేవారు. వానలకు ముందు కాల్చేవారు. ఆ బూడిద నేలలోని పులుపును తగ్గించి, మొక్కకు పొటాష్ ఇచ్చేది. నాగలి పెట్టకుండా కర్రతో గుంత చేసి గింజ వేసేవారు కాబట్టి వాలు మీద మన్ను అంతగా కదిలేది కాదు. సామ, కొర్ర, చోడి, కంది, బొబ్బర కలిసి పండేవి. రెండు మూడు పంటలయ్యాక ఆ చోటు వదిలేసేవారు. అక్కడ అడవి మళ్లీ లేచి, ఆకు రాలి కుళ్లి, సారం తిరిగి వచ్చేది. బూడిద బలం కొద్దికాలమే. ఏళ్ల తరబడి దొరికిన విశ్రాంతే నేలను నిలబెట్టింది.

ఆ విశ్రాంతి ఎలా పోయింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన కొండల మీద రిజర్వు అడవి గీతలు పడ్డాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర వంటివారు నడవడానికి ఉన్న కారణాల్లో పోడు మీద ఆంక్షలు ఒకటి. నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు సాగు నేలలు పోగొట్టుకున్నారు. ఆ పోరులోనే 1940లో కుమ్రం భీం జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాడు.

ఈ పోరాటాలను బడిలో చెబుతున్నాం. నేలకు ఏమైందో కూడా చెప్పాలి. తిరిగే చోటు తగ్గేకొద్దీ వదిలిన ముక్క మీదికే త్వరగా రావాల్సి వచ్చింది. అడవి లేవకముందే మళ్లీ కత్తి పడింది. మన్ను వానకు కొట్టుకుపోయింది. చివరికి ఆ బక్కచిక్కిన కొండను చూపించి తప్పంతా పోడుదే అన్నారు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి మన సాగులో ఉన్న అటవీ నేల మీద 4 హెక్టార్లకు మించకుండా హక్కు వస్తుంది. పెళ్లయినవారికి భార్యాభర్తలిద్దరి పేరుతో పట్టా ఇవ్వాలి. ఆ నేల పిల్లలకు దక్కుతుంది, అమ్మడానికి వీల్లేదు. అయితే పట్టా హద్దులు కదలవు. విశ్రాంతి కోసం మరో కొండకు పోలేం. అడవి చేసిన పనిని ఆ ముక్కలోనే మనం చేయాలి.

మొదట వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేద్దాం. మన్ను నిలిస్తేనే మిగతా పని. ఆకుచెత్తను ఏటా కాల్చవద్దు. కాలిస్తే అందులోని నత్రజని పొగతో పోతుంది. పశువుల పెంటతో కలిపి గుంతలో కుళ్లబెడదాం. పొయ్యి బూడిద పలచగా చల్లితే చాలు. తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే నేలలో కలిపేద్దాం. పసుపు, అల్లం వేసే చోట మడిని ఎత్తు చేసి, పైన ఆకులు కప్పాలి. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. సరస్వతి ఆకును తేమ ఉన్న మూల పెట్టుకోవచ్చు.

మడిని నాలుగు భాగాలు చేసి, ఏటా ఒక భాగంలో బొబ్బర, మినుము, చిక్కుడు వేద్దాం. వాటి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. మరుసటి ఏడు ఆ వంతు పక్క భాగానిది. పెద్దలు కొండ మీద తిరిగినట్టే మనం మడిలో తిరుగుతాం.

ఉపాధ్యాయులు బడి ఆవరణలో ఇలాంటి మడి ఒకటి వేయించవచ్చు. దానితోపాటు పిల్లలకు ఒక పని ఇవ్వాలి. మీ ఊరిలో పోడును ఎన్నేళ్లు వదిలేవారు, ఏ మొక్క మొలిస్తే నేల తేరుకుందని గుర్తుపట్టేవారు అని అవ్వతాతలను అడిగి రాసుకురమ్మనాలి. జవాబు ఊరూరికీ మారుతుంది. చెప్పగలిగినవాళ్లు మన మధ్య ఉండగానే ఆ లెక్క రాసిపెట్టుకోవాలి.