ఒకే పైథాన్, ఇద్దరు హక్కుదారులు

ఒక కంప్యూటర్‌లో నాలుగైదు పైథాన్‌లు ఉంటే అది ప్రోగ్రామర్ల క్రమశిక్షణ లోపమే అనేవాళ్లు చాలామంది. జరిగింది చూస్తే ఆ నింద నిలవదు. లినక్స్ తన సొంత పనులకు పైథాన్‌ను వాడుకుంది, ప్రోగ్రామర్లు అదే పైథాన్‌ను తమదనుకున్నారు. చిక్కంతా అక్కడే పుట్టింది. సెంటాస్ 6 అనే లినక్స్‌నే తీసుకోండి. అందులో వచ్చేది పైథాన్ 2.6. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే యమ్‌ను కూడా పైథాన్‌లోనే రాశారు. యమ్ ఫైల్ మొదటి లైనే సిస్టమ్ పైథాన్ ఎక్కడుందో చెబుతుంది. ప్రాజెక్టుకు 2.7 కావాలని ఎవరైనా ఆ చోటును కొత్త పైథాన్ వైపు తిప్పితే, యమ్ అనే మాడ్యూలే లేదంటూ యమ్ ఆగిపోయేది. అలా తిప్పినవాళ్లను తప్పుపట్టలేం. అది సిస్టమ్ సొత్తని హెచ్చరించే ఏర్పాటే అప్పట్లో లేదు.

2007లో ఇయాన్ బికింగ్ తెచ్చిన వర్చువల్‌ఎన్వ్ ప్రతి ప్రాజెక్టుకూ వేరే ఫోల్డర్‌ను, అంటే ఎన్విరాన్‌మెంట్‌ను, ఇచ్చింది. 2012లో పైథాన్ 3.3 అదే ఆలోచనను వెన్వ్ పేరుతో తనలో కలుపుకుంది. సొంత పైథాన్ లేని విండోస్‌లో సమస్య వేరు, ఉన్న వెర్షన్లలో ఏది నడవాలన్నదే. దానికోసం 3.3తోనే పై లాంచర్ వచ్చింది. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2019 నాటి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8. సిస్టమ్ వాడుకునే పైథాన్‌ను అది పక్కన దాచి, వాడుకరులకు వేరేది ఇచ్చింది. అంటే సమస్య ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లే ఒప్పుకున్నట్టు. 2023లో డెబియన్ 12 ఇంకో అడుగు వేసింది: సిస్టమ్ పైథాన్‌లోకి పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో ఏదైనా ఎక్కించబోతే అడ్డుకుంటుంది. కాదని ముందుకెళ్లాలంటే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అనే ఆప్షన్ ఇవ్వాలి. ప్రమాదాన్ని ఇంత సూటిగా చెప్పే పేరు పెట్టడం మంచి పనే.

ఇలా ప్రాజెక్టులను విడదీయడానికి గట్టి అభ్యంతరమే ఉంది. లైబ్రరీ ఒకచోటే ఉంటే ఒక్క అప్‌డేట్‌తో భద్రతా లోపం అందరికీ పోతుంది. పది ఎన్విరాన్‌మెంట్లలో పది పాత కాపీలుంటే దేనికది మార్చుకోవాలి. ఈ నష్టం నిజమే. కానీ రెండు ప్రాజెక్టులకు జాంగో లైబ్రరీవే రెండు పొసగని వెర్షన్లు కావలసి వస్తే ఒకే చోట రెంటినీ ఉంచలేం, పంచుకోవడం అక్కడితో ఆగిపోతుంది. ప్రోగ్రాములను కంటెయినర్లలో నడిపే డాకర్ వచ్చాక ఇదంతా అక్కర్లేదనే వాదన కూడా ఉంది. డెబియన్ 12 ఇమేజ్‌లో ఆప్ట్‌తో పైథాన్, పిప్ పెట్టి చూడండి, కంటెయినర్‌లోనూ పిప్ అలాగే అడ్డుకుంటుంది. అదే ఇమేజ్‌లో పైథాన్‌ను యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే మాత్రం అడ్డు చెప్పదు, అది సిస్టమ్ సొత్తు కాదు కాబట్టి.