భీమిలికి సిటీబస్సులో

విశాఖపట్నం రైల్వేస్టేషను దగ్గర 900కె సిటీబస్సు ఎక్కి కుడివైపు కిటికీ పక్కన చోటు సంపాదించుకుంటే, ఋషికొండ మొదలు భీమిలి దాకా సముద్రం కనబడుతూ మాయమవుతూ తోడు వస్తుంది. చిల్లరడబ్బులతో ఇంతకు మించిన యాత్ర నేనెరుగను.

నేను చూడబోయినది డచ్చివారి సమాధితోట. మన పెద్దలకు వీరు వలందావారు. బందరులో వలందపాలెం నేటికీ ఆ పేరు మోస్తూనే ఉన్నది. ఈ తీరంలో నూలుబట్టలు కొని తూర్పుదీవులకు పంపడం, అక్కడ వాటిని మార్చి లవంగాలు, జాజికాయలు సేకరించడం వారి వ్యాపారం. అనగా యూరపును ఊరించిన ఆ సుగంధద్రవ్యాల ధరలో కొంత మన మగ్గాలమీదనే తయారయింది. 1824లో లండనులో కుదిరిన సంధితో భారతదేశంలోని తమ స్థావరాలన్నిటినీ ఆంగ్లేయులకు వదులుకున్నారు.

ఉప్పుగాలికి అరిగిన రాళ్లమీద వర్తకుల పేర్లు కూడబలుక్కుని చదివాను. ఆ బట్టలు నేసిన సాలెవారి పేర్లు సమాధితోటలో ఉండవు, సహజమే. బయటకు వచ్చి ఊరంతా కాలినడకన తిరిగాను. ఎక్కడా ఒక్క పేరయినా నా కంటబడలేదు.

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చుని, పొద్దు వాలుతుండగా మళ్లీ బస్సెక్కాను, ఈసారి ఎడమవైపు.