చుక్క గుర్తు ప్రశ్న

1893 ఫిబ్రవరి 16న వైస్రాయి శాసనమండలిలో భింగా రాజా లేచి ఒక ప్రశ్న వేశాడు. మన దేశంలో చట్టసభలో పడ్డ మొదటి ప్రశ్న అదే. అధికారులు పర్యటనకొచ్చి డేరా వేసినప్పుడు వాళ్లకు కావాల్సిన సరుకులన్నీ ఊళ్లో కొట్టువాళ్లు సమకూర్చాలి. ఆ రసదు వల్ల చిన్న వ్యాపారులు నలిగిపోతున్నారన్నదే ఆ ప్రశ్న. పెద్ద రాజకీయమేమీ లేదు. ఊరి కొట్లో సరుకులు, అధికారి మకాం, మధ్యలో నష్టపోయే మనిషి. సభలో ప్రశ్న అలా ఊరి అంగడి నుంచి మొదలైందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఆ మాటకొస్తే డేరాలంటే బళ్లారికి బాగా తెలుసు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక థామస్ మన్రో ఏడేళ్లపాటు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. ఎక్కువగా డేరాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగి రైత్వారీ శిస్తు కట్టించాడు. ఆ రోజుల్లో రైతు నోరు తెరవడానికి దొరికేవి రెండే: ఏటా జరిగే జమాబందీ, చేతిలో ఒక అర్జీ. రెండింటికీ జవాబు దొర దయ. దయ ఉంటే సరే, లేకుంటే లేదు.

అర్జీ ప్రశ్నగా మారిన దారిలో ఒక తెలుగువాడి పేరు గుర్తుంచుకోవాలి. మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1853లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు వస్తే, చెట్టిగారు ఆయన్ను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పారు. శిస్తు రాబట్టడానికి రైతుల్ని ఎలా హింసిస్తున్నారో చూపించారు. మెడ వంచి తాళ్లతో కట్టి ఎండలో నిలబెట్టడం, వేళ్లు చెక్కల మధ్య పెట్టి నొక్కడం లాంటివి. సేమూర్ తిరిగి వెళ్లి 1854లో కామన్స్ సభలో అడిగాడు. ఆ అడగడం ఫలితమే మద్రాసు హింసల విచారణ సంఘం, 1855లో దాని నివేదిక. మన రైతు బాధ మన గడ్డ మీద అడిగేందుకు చోటు లేక సముద్రాలు దాటి లండన్‌లో వినిపించాల్సి వచ్చింది.

లండన్ సభకు కూడా ప్రశ్న పుట్టుకతో వచ్చిందేమీ కాదు. 1721లో ప్రభువుల సభలో కౌపర్ ప్రభువు అడిగినదాన్ని మొదటిదిగా లెక్కిస్తారు. సౌత్ సీ కంపెనీ కుంభకోణంలో పరారైన కోశాధికారి బ్రసెల్స్‌లో దొరికాడన్న మాట నిజమేనా అని. నోటితో జవాబు కావాల్సిన ప్రశ్నకు నక్షత్రం గుర్తు పెట్టే పద్ధతి కామన్స్ సభలో 1902లో వచ్చింది. మన సభల్లోకి ఆ చుక్క అక్కడినుంచే దిగింది.

మన సభలకు 1892 నాటి భారత శాసనమండళ్ల చట్టం ఇచ్చింది సగం హక్కే. ముందుగా నోటీసు ఇచ్చి అడగొచ్చు. అధ్యక్షుడు కారణం చెప్పకుండా కొట్టేయొచ్చు. జవాబు మీద మళ్లీ నోరెత్తడానికి లేదు. 1909లో, మొదట అడిగినవాడు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవచ్చన్నారు. 1919 చట్టం తర్వాత ఆ అనుబంధ ప్రశ్న ఏ సభ్యుడైనా వేయొచ్చన్నారు. నా ఉద్దేశంలో సభకు నిజంగా ప్రాణం వచ్చింది అప్పుడే. మొదటి ప్రశ్నకు జవాబు గుమాస్తా రాసిపెడతాడు. రెండో ప్రశ్నకు మంత్రే చెప్పాలి. 1957లో ముంధ్రా వ్యవహారం అలాగే బయటపడింది. ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టిన డబ్బు గురించి వేసిన ప్రశ్నను ఫిరోజ్ గాంధీ వదలకుండా తరుముకుంటూ పోతే 1958లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

1919కి ముందు ఆ సగం హక్కునే పూర్తిగా వాడుకున్నవాడు గుత్తి పి.కేశవ పిళ్లై. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా గుత్తి బళ్లారి జిల్లాలోదే. 1885లో మొదటి కాంగ్రెసుకు వెళ్లినవాళ్లలో ఆయనొకరు. 1909 తర్వాత మద్రాసు మండలిలో అడవి చట్టాల కింద నలిగిన రైతుల తరఫున గొంతెత్తారు. మేత, కట్టెపుల్ల, పచ్చిరొట్ట కోసం అడవిలో కాలుపెడితే జరిమానా వేసే కాలం అది. ఆ తర్వాత బ్రిటిష్ గయానాలో మన కూలీల స్థితి చూసిరావడానికి వెళ్లిన ప్రతినిధి వర్గానికీ ఆయనే పెద్ద. గుత్తి కొండ కింద మేకల మేత గురించి మాట్లాడిన మనిషి సముద్రం అవతల చెరకు తోటల దాకా వెళ్లాడు.

1953 అక్టోబరు 1న బళ్లారి ప్రశ్న దారి మారింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్లాయి. మిగిలిన ఏడు తాలూకాలు మైసూరులో చేరాయి. బళ్లారి తాలూకా ఎటు పోవాలన్నది మాత్రం అంతకు ముందు దానికోసం జరిగిన మిశ్రా విచారణతోనే తేలింది. మద్రాసు సభకు ఎన్నికైన ఇక్కడి సభ్యులు మైసూరు సభ్యులయ్యారు. అప్పటిదాకా ఇంగ్లీషులో మద్రాసుకు పోయిన ఫిర్యాదు ఇక కన్నడంలో బెంగళూరుకు పోవాలి. ఊళ్లో మాత్రం చాలామంది మాట్లాడేది తెలుగే. తెలుగు తప్ప రాని సభ్యుడు స్పీకరు అనుమతితో మాతృభాషలో మాట్లాడొచ్చని రాజ్యాంగం 210వ అధికరణం చెబుతుంది కానీ అచ్చయ్యే కాగితం కన్నడంలోనే ఉంటుంది.

ఆ కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పైన ‘చుక్కె గురుతిన ప్రశ్నె’ అని, ఒక సంఖ్య. సభ్యుడి పేరు. ‘ఉత్తరిసబేకాద దినాంక’, అంటే జవాబు చెప్పాల్సిన రోజు. కింద గళ్లు గీసి ఒకవైపు ప్రశ్న, దాని పక్కన జవాబు. ప్రశ్నను అ, ఆ, ఇ, ఈ అని ముక్కలు చేస్తారు. ‘అ’లో తరచూ ఉండే మాట: సర్కారద గమనక్కె బందిదెయే? ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? ఎదురుగా జవాబు ఒక్కోసారి ఒకే మాట: బందిదె. వచ్చింది. ఆంధ్ర సభలో ‘వాస్తవమేనా’ అని అడుగుతారు, ఇక్కడ ‘గమనానికి వచ్చిందా’ అని. నాకు రెండోదే మేలనిపిస్తుంది. వచ్చిందని ఒకసారి అచ్చులో ఒప్పుకున్నాక మాకు తెలియదనడానికి ఎవరికీ దారి ఉండదు.

భూమి విషయంలో ఈ అ, ఆ, ఇ ల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1974 మార్చి 1న అమల్లోకి వచ్చిన కర్ణాటక భూసంస్కరణల సవరణతో కౌలు రైతు ఏడో నంబరు ఫారం ఇచ్చి భూ న్యాయమండలి ముందు హక్కు అడిగాడు. అంతకు ముందే, 1973లో, సండూరులో దున్నేవాళ్లు భూమి కోసం పోరాటానికి దిగారు. ఏడో నంబరు ఫారం ఇవ్వడానికి ఆఖరి గడువు 1979 జూన్ 30. ఆ తర్వాత బగర్ హుకుం సాగుకు, అంటే అనుమతి లేకుండా ప్రభుత్వ భూమిలో చేసుకుంటున్న సాగుకు, 50, 53, 57 నంబర్ల ఫారాలు వరుసగా వచ్చాయి. ‘భూసంస్కరణలు ఎందుకు నత్తనడకన సాగుతున్నాయి’ అని అడిగితే జవాబు ఒక ఉపన్యాసం. ‘సిరుగుప్ప తాలూకాలో 57వ ఫారాలు ఎన్ని వచ్చాయి, ఎన్నిటికి పట్టా ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు, ఎందుకు’ అని అడిగితే జవాబు అంకెల్లోనే రావాలి. ఆ అంకె చేతపట్టుకుని రైతు తాలూకా కచేరీకి వెళ్లొచ్చు.

బడి సంగతీ అంతే. ప్రాథమిక విద్య మాతృభాషలో అందించేందుకు వసతి కల్పించాలని 1956లో చేర్చిన 350ఎ అధికరణం అంటుంది. కర్ణాటక ప్రభుత్వం తెలుగు పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తుంది కూడా. కానీ ‘తెలుగు బడులను కాపాడండి’ అంటే అది ప్రశ్న కాదు, మొర. ఏ బడిలో ఎంతమంది పిల్లలు, ఎన్ని తెలుగు పంతుళ్ల పోస్టులు ఖాళీ, పుస్తకాలు ఏ నెలలో చేరాయి? ఇవీ ప్రశ్నలు. సంస్కృతికీ ఇదే కొలత పెట్టాలి. ధర్మవరం కృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపిన ఊరిది. నటుడు బళ్లారి రాఘవ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో వేషం కట్టిన ఊరిది. ఆ నాటకానికి ఈ ఏడు ఎంత ఇచ్చారు, ఏ భాషకు ఎంత?

 

ఇక నీళ్లు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ నీళ్లు సిరుగుప్ప వరికీ, సరిహద్దు దాటి ఆలూరు, ఆదోని చేలకూ కావాలి. డ్యామును చూసేది 1953లో పుట్టిన తుంగభద్ర బోర్డు. అందులో ఏ ఒక్క రాష్ట్రమూ పూర్తి యజమాని కాదు. ముప్ఫైమూడు గేట్ల గొలుసులు చివరిసారి ఎప్పుడు పరీక్షించారన్న ప్రశ్న బెంగళూరులో కన్నడంలో, అమరావతిలో తెలుగులో, ఢిల్లీలో కేంద్ర జలశక్తి మంత్రి ముందు, మూడుచోట్లా ఒకే మాటల్లో పడాలి. తేదీతో సహా.