వివాల్డి డి మేజర్ ల్యూట్ కాన్చెర్టో (ఆర్‌వి 93)

ఇటలీ స్వరకర్త ఆంటోనియో వివాల్డి (1678–1741) ల్యూట్ (గిటార్‌వంటి మీటు వాద్యం), రెండు వయొలిన్లు, బాసో కంటిన్యువో (మంద్రస్వర సహకారం) కోసం 1730 ప్రాంతంలో రచించిన మూడు భాగాల బరోక్ కృతి ఇది. నేడు ఎక్కువగా గిటార్‌పై వినిపిస్తుంది. బొహీమియా ప్రభువు కౌంట్ వర్ట్‌బీకి అంకితమైంది. రాతప్రతి ట్యూరిన్‌లోని జాతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది.

గిటార్ నాదం చిన్నది కాబట్టి ఒక్కో భాగానికి ఒక్కరే వాయించే చిన్న తంత్రీవాద్య బృందం దీనికి నప్పుతుంది. మూలంలో వయోలా లేదు. ఆధునిక అనుసరణలు కొన్ని దాన్ని చేర్చాయి. మొదటి, చివరి అల్లెగ్రోలలో (వేగమైన భాగాలలో) బృందమంతా వాయించేచోట గిటార్ తరచుగా మొదటి వయొలిన్ బాణీనే అనుసరిస్తుంది. నడిమి లార్గో (నెమ్మదైన భాగం) ఈ కృతికి ప్రాణం: తంత్రీవాద్యాలు దీర్ఘ స్వరాలు నిలుపుతుండగా గిటార్ ఒంటరిగా పాడుతుంది. మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది కనుక, పునరావృతంలో వాదకుడు గమకాలవంటి అలంకారాలు జోడిస్తాడు.