దండెం తీగ

మా మేడ మీద ఇప్పుడున్నవన్నీ నైలాన్ తాళ్లే. 1998 వానాకాలం దాకా ఇనుప తీగలుండేవి. ఆ జూలైలో మూడో పోర్షన్ ఆవిడ తడి చీర ఆరేస్తూ షాక్ కొట్టి పడిపోయింది. సర్వీసు వైరు తొడుగు చీకిపోయి దండేనికి ఒరుసుకుంటోందట. అదృష్టం బాగుండి బతికింది. వాళ్లాయన నన్ను తిట్టలేదు. "మూడుసార్లు చెప్పిన గద సార్" అన్నాడంతే. చెప్పాడు. అద్దె తీసుకునేటప్పుడు విన్నాను, గేటు దాటగానే మరిచాను.

నేనూ ఒకప్పుడు అద్దెవాణ్నే. 1979లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీలో చేరేనాటికి హైదరాబాద్ శివార్లలోని మా మూసాపేట ఇంకా ఊరే. బాలానగర్ ఫ్యాక్టరీలకూ, సనత్‌నగర్ ఆల్విన్‌కూ షిఫ్టు దిగి నడిచి వచ్చేంత దూరం. పశువుల కొట్టాలు తీసేసి వరసగా రేకుల గదులు వేశారు. ఆరు గదులకు ఒకటే బాత్రూం. బావి గిలక విరిగితే మేమే చందాలేసుకునేవాళ్లం. ఓనరును అడగొచ్చని ఎవరికీ తట్టేది కాదు.

అడిగే హక్కు మాత్రం 1882 నాటి చట్టంలోనే ఉంది. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చూడండి. పైకి కనబడని లోపముంటే ఓనరు ముందే చెప్పాలి. తాను చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఓనర్లం మేం రాసేది వేరేగానే! రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి పదకొండు నెలల అగ్రిమెంటు. అందులో సున్నానికి ఒక నెల అద్దె కోత, మేకులు కొట్టరాదు, చుట్టాలు ఎక్కువ రోజులు ఉండరాదు. ఓనరు చేయాల్సిన పని ఒక్కటీ ఉండదు.

ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియారం గోపురం కూలి జనం చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో తీర్పిచ్చింది. ఆ సున్నపు కట్టడం ఆయుష్షు 40, 45 ఏళ్లు; గోపురానికి అప్పటికే 80 ఏళ్లు. లోపం తెలియదంటే కుదరదు, దారిన పోయేవాళ్లకు ఓనరే జవాబుదారీ అంది. ఇది నాకు వకీలు మిత్రుడు చెప్పాడు, షాక్ సంగతి జరిగాక.

అదే 1998 నవంబరులో ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తర్వాత అద్దె ఇళ్లకు గిరాకీ పెరిగి మా వీధిలో రేకులు పోయి స్లాబులు, స్లాబుల మీద పెంట్‌హౌస్‌లు లేచాయి. నేనూ ఒకటి వేశాను, పర్మిషన్ లేకుండానే. 2007 చివర్లో క్రమబద్ధీకరణ జీవో వస్తే దరఖాస్తు పెట్టాను గానీ, పిల్లర్లు ఆ బరువు మోస్తాయా అని ఇంజనీరుకు చూపించలేదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో తవ్వుతుంటే ఒక మేడ ఒరిగింది. అద్దెవాళ్లు కట్టుబట్టలతో రోడ్డున పడ్డారు. అప్పుడు పిలిచాను ఇంజనీరును.

అంతకు ఏడాది ముందే నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో కాపురమున్న తొమ్మిది మంది పోయారు. ఆ వారమే మా సెల్లార్‌లో పెయింటు డబ్బాలు దించుకుంటానని ఒకతను వచ్చాడు, మంచి అద్దె ఇస్తానని. వద్దన్నాను.

ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఈసారి వానలు పడకముందే ఒకసారి మేడెక్కండి. దండెం దేనితో కట్టారో, ఏ వైరుకు దగ్గరగా ఉందో చూసుకోండి.