సృష్టి సంరక్షణ: చర్చి బోధ నుంచి చర్చి ఆవరణ దాకా

2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. 24 గంటల్లోనే నగరంలో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. 2004 అక్టోబర్ 31న నమోదైన 21 సెంటీమీటర్ల రికార్డు ఈ వానతో చెరిగిపోయింది. పల్లపు వీధులు చెరువులయ్యాయి. ఇళ్లలో చిక్కుకున్నవారిని సైన్యం పడవల్లో బయటికి తెచ్చింది.

ఈ తుపానుకు ఎనిమిది వారాల ముందే, అంటే అక్టోబర్ 4న, ప్రపంచంలోని అనేక క్రైస్తవ సంఘాలు ఆ ఏటి 'సృష్టి కాలం' ముగించాయి. ఏటా సెప్టెంబర్ 1న మొదలై ఐదు వారాలు సాగే ఈ కాలంలో నేల, నీరు, గాలి, ప్రాణికోటి కోసం ప్రార్థనలు చేస్తారు. ఒర్లియంపేట లాంటి ఇరుకు పేటలో ఉండే విశ్వాసికి ఈ ప్రార్థనలతో పని ఏమిటి? తలుపు దాకా నీళ్లొచ్చినప్పుడు చర్చి బోధ ఏ మేరకు అక్కరకొస్తుంది? సృష్టి సంరక్షణ గురించి క్రైస్తవ సంఘాలు ఏం చెబుతున్నాయి, అది పుదుచ్చేరిలో, తెలుగు నేలపై ఎలా కనిపిస్తుంది అన్నది చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

విమర్శతో మొదలైన చర్చ

ఈ విషయంపై ఆధునిక చర్చకు ఊపునిచ్చింది ఒక విమర్శ. అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. ప్రకృతి ఉన్నది మనిషి వాడుకోవడానికే అన్న భావనను పాశ్చాత్య క్రైస్తవం బలపరిచిందని, నేటి పర్యావరణ సంక్షోభపు మూలాలు అక్కడ ఉన్నాయని ఆయన వాదించారు. అదే వ్యాసంలో పక్షులను, జంతువులను తోబుట్టువులుగా చూసిన అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తల పాలక పునీతుడిగా తీసుకోవాలని కూడా సూచించారు. పన్నెండేళ్ల తర్వాత, 1979లో, పోప్ రెండో జాన్ పాల్ సరిగ్గా ఆ పనే చేశారు.

వైట్ వాదనకు ఆధారం ఆదికాండం మొదటి అధ్యాయం. భూమిని లోబరచుకోవాలని, జీవులను ఏలాలని దేవుడు మనిషికి చెప్పినట్టు అక్కడ ఉంటుంది. వేదపండితులు దీనికి రెండో అధ్యాయాన్ని జోడించి చదవాలంటారు. అక్కడ మనిషిని తోటలో ఉంచింది సేద్యం చేయడానికి, కావలి కాయడానికి. కాబట్టి ఆ ఏలుబడిని యజమాని పెత్తనంగా కాక పాలేరు బాధ్యతగా అర్థం చేసుకోవాలన్నది వారి వివరణ. ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇవ్వాలని లేవీయకాండం చెబుతుంది. యుద్ధంలో ముట్టడి వేసినప్పుడు కూడా పండ్ల చెట్లను నరకకూడదని ద్వితీయోపదేశకాండం ఆదేశిస్తుంది. సేద్యం, నీటి కరువు తెలిసిన సమాజంలో పుట్టిన నియమాలివి.

సంఘాల నిర్ణయాలు

1983లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన ప్రపంచ చర్చిల మండలి మహాసభ న్యాయం, శాంతి, సృష్టి సమగ్రత అనే మూడింటినీ ఒకే బాధ్యతగా చేపట్టాలని సంఘాలకు పిలుపునిచ్చింది. 1988లో ఫిలిప్పీన్స్ కాథలిక్ బిషప్పులు తమ దేశంలో అడవుల నరికివేత, పగడపు దిబ్బల నాశనంపై ప్రత్యేక లేఖ వెలువరించారు. 1989లో ఆర్థడాక్స్ సంఘాల పాట్రియార్క్ మొదటి దిమిత్రియోస్ సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థన దినంగా ప్రకటించారు. ఫ్రాన్సిస్ పండుగ అక్టోబర్ 4న వస్తుంది. ఈ రెండు తేదీల నడుమ రోజులే సృష్టి కాలమయ్యాయి.

పోప్ ఫ్రాన్సిస్ 2015 మే 24న సంతకం చేసిన 'లౌదాతో సి' విశ్వలేఖ ఈ బోధను కాథలిక్ సంఘం నడిమధ్యకు తెచ్చింది. వాతావరణం అందరి ఉమ్మడి సొత్తు అని, సురక్షిత మంచినీరు ప్రతి మనిషి హక్కు అని అది చెబుతుంది. ప్రకృతి గోడు, పేదల గోడు వేర్వేరు కావన్నది ఆ లేఖలోని కీలకాంశం. 2023 అక్టోబర్ 4న వెలువడిన 'లౌదాతే దేవుమ్' లేఖలో, ఎనిమిదేళ్లలో ప్రపంచ స్పందన చాలలేదని ఆయన సూటిగా చెప్పారు. ఆయన తర్వాత పోప్ అయిన పద్నాలుగో లియో హయాంలో, 2025లో, సృష్టి సంరక్షణ కోసం ప్రత్యేక పూజా ప్రార్థనలు వెలువడ్డాయి.

మన దేశంలో దక్షిణ ఇండియా సంఘం సినాడ్‌కు పర్యావరణ వ్యవహారాల కోసం ప్రత్యేక విభాగం ఉంది. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి దగ్గరలోని ఆదివారాన్ని పర్యావరణ ఆదివారంగా పాటించే సంఘాలు ఉన్నాయి. పాఠశాలల్లో నీరు, కరెంటు, చెత్త లెక్కలను విద్యార్థులతోనే వేయించే కార్యక్రమాన్నీ ఆ విభాగం నడిపింది.

పుదుచ్చేరి: నీరు, ఒడ్డు

పుదుచ్చేరి, కడలూరు అగ్ర మేత్రాసనానికి కేంద్రం ఈ నగరమే. 1907లో ప్రతిష్ఠించిన తిరు హృదయ దేవాలయం 2011లో బసిలికా హోదా పొందింది. ఫ్రెంచి వారి కాలం నుంచి నగరంలో చర్చిలకు బడులు, స్మశానాలు, విశాలమైన ఆవరణలు ఉన్నాయి. అందుకే ఈ నగరంలో సృష్టి సంరక్షణ అంటే ముందుగా వచ్చే ప్రశ్న చేతిలో ఉన్న నేల గురించే.

నగరపు మొదటి సమస్య నీరు. పుదుచ్చేరి తాగేది ప్రధానంగా భూగర్భ జలమే. బోర్లు లోతుకు వెళ్లే కొద్దీ, వాన నీరు ఇంకే చోటు తగ్గే కొద్దీ తీరం వెంబడి సముద్రపు ఉప్పు లోపలికి చేరుతోంది. నగర శివారులోని ఊసుడు చెరువు, దక్షిణాన బాహూరు చెరువు ఈ నీటి వ్యవస్థకు ఆయువుపట్టు. ఊసుడును 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు నిండితే చుట్టుపక్కల బావులూ ఊరతాయి. దాన్ని పూడ్చుకుంటూ పోతే వానకాలంలో మునక, ఎండాకాలంలో ఎద్దడి రెండూ వస్తాయి.

రెండో సమస్య ఒడ్డు. 1980ల చివర నగరానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ముఖద్వారం దగ్గర, రేవు కోసం సముద్రంలోకి రాతి కట్టలు కట్టారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. కట్టలు దాన్ని ఆపేయడంతో దక్షిణాన మేట పడింది, ఉత్తరాన బీచి కొట్టుకుపోయింది. నగరం ముందు బండరాళ్ల గోడ మిగిలింది. వలలు ఆరబెట్టుకునే, పడవలు లాక్కునే చోటు పోగొట్టుకున్నది జాలరులు. 2018లో సముద్రంలో కృత్రిమ దిబ్బ అమర్చాక నగరం ముందు కొంత ఇసుక తిరిగి చేరింది. ఒకచోట కట్టిన కట్ట మరోచోట గుడిసె పునాదిని కదిలిస్తుందన్న పాఠం పుదుచ్చేరి కళ్లెదుటే ఉంది.

నగరానికి పది కిలోమీటర్ల లోపే ఉన్న విల్లియనూరు లూర్దు మాత పుణ్యక్షేత్రం ఎదుట కోనేరు ఉంది. దక్షిణాది గుళ్ల సంప్రదాయాన్ని చర్చి తనదిగా చేసుకున్న చోటు అది. నీటిని పవిత్రంగా చూడటం ఈ నేల మీద క్రైస్తవానికీ కొత్త కాదు. కోనేటి నీటికి ఇచ్చే గౌరవం ఊరి చెరువుకు, వీధి కాలువకు కూడా దక్కుతోందా అన్నదే ప్రశ్న.

తెలుగు నేలలో పాత అనుభవం

పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు ప్రాంతం యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఈ పట్టణంలో 19వ శతాబ్దపు సెయింట్ ఆన్స్ చర్చి ఉంది. పొరుగునే కోరింగ మడ అడవులు. 1996 నవంబర్ 6 తుపాను కోనసీమను, యానాం పరిసరాలను అతలాకుతలం చేసి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. మడ అడవి తరిగితే గాలి, ఉప్పెనల దెబ్బ నేరుగా ఊళ్ల మీదే పడుతుందని ఆ తీరంలో ఎవరికీ పుస్తకం చదివి చెప్పనక్కర్లేదు.

తెలుగు క్రైస్తవానికి 'పర్యావరణం' అన్న పేరు కొత్త కావచ్చు కానీ అనుభవం పాతది. అది కరువు రూపంలో వచ్చింది. 1876-78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న కూలీలకు పని కల్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. పెదగంజాం నుంచి సాగే ఆ కాలువ దక్షిణాన పుదుచ్చేరికి చేరువలోని మరక్కాణం దగ్గర ముగుస్తుంది.

మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టిన మహాదేవాలయ నిర్మాణం కరువు కూలీలకు పనిగా మారింది. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. 1969 తుపాను తర్వాత బెల్జియం జెస్యూట్ గురువు మైకేల్ విండే గుంటూరు కేంద్రంగా గ్రామ పునర్నిర్మాణ సంస్థను స్థాపించారు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన తర్వాత కాసా, కారితాస్ ఇండియా వంటి చర్చి సంస్థలు సహాయంలో పాల్గొన్నాయి.

ఈ సంఘటనలన్నిటిలో కనిపించే పోలిక ఒకటే. విపత్తు వచ్చాక చర్చి ముందుంది. విపత్తును పెంచే కారణాల మీద మాత్రం ఆ స్థాయిలో మాట్లాడలేదు. సృష్టి సంరక్షణ బోధ కోరుతున్న మార్పు సరిగ్గా అదే.

ఎవరికి దెబ్బ

తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువ మంది దళితులు, వ్యవసాయ కూలీలు. తమిళ తీరంలో మత్స్యకారులూ గణనీయంగా ఉన్నారు. ఊరి చివర పల్లంలో ఇల్లు, సొంత భూమి లేకపోవడం, బావి దగ్గర వివక్ష వారిలో చాలామంది చరిత్ర. చెరువు ఎండితే, ఉమ్మడి భూమి ఆక్రమణకు గురైతే, వాన దారి తప్పితే ముందు దెబ్బ తినేది వారే. అందుకే ఇక్కడ సృష్టి సంరక్షణను మొక్కలు నాటే కార్యక్రమంగా మాత్రమే చూస్తే సగం విషయం తప్పిపోతుంది. నీరు ఎవరికి అందుతోంది, మురుగు ఎవరి ఇంటి ముందు ఆగుతోంది అన్నవీ అందులో భాగమే. పేదల గోడు, భూమి గోడు ఒకటే అన్న మాట రోములో సిద్ధాంతం కావచ్చు, ఇక్కడ అది రోజువారీ విషయం.

ఆవరణలో ఏం సాధ్యం

పెద్ద బోధలు చిన్న నిర్ణయాల్లోనే పరీక్షకు నిలుస్తాయి. ఇథియోపియాలో ఆర్థడాక్స్ చర్చిల చుట్టూ తరతరాలుగా కాపాడుకున్న చిన్న అడవులు, చుట్టుపక్కల అడవి అంతా పోయినా మిగిలాయి. ఆవరణే అడవిని కాపాడగలదనడానికి అదే రుజువు. నగర చర్చికి అడవి సాధ్యం కాకపోవచ్చు. అయినా చేయగల పనులు ఉన్నాయి.

మొదటిది వాన నీరు. చర్చి, బడి, గురువుల నివాసం కప్పుల మీద పడే నీటిని ఇంకుడు గుంతలకు మళ్లించవచ్చు. ఆవరణంతా సిమెంటు, టైల్సు పరిచే అలవాటు మానుకోవచ్చు.

రెండోది పండుగలు. మట్టల ఆదివారం నాడు చేతుల్లో ఉండేది చెట్టు ఇచ్చిన ఆకు. క్రిస్మస్ నాటికి అది ప్లాస్టిక్ నక్షత్రంగా, ఫ్లెక్సీగా మారుతోంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ప్రేమవిందులో స్టీలు పళ్లెం, అరిటాకు తిరిగి రావడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. తెలుగు సంఘాల్లో తొలి పంటను తెచ్చి అర్పించే కోత పండుగ మట్టికి, మందిరానికి ఉన్న బంధాన్ని ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

మూడోది డబ్బు. ఇంగ్లండు చర్చి నిధులను చూసే కమిషనర్లు మిగిలిన పెద్ద చమురు, గ్యాస్ కంపెనీల నుంచి పెట్టుబడులు ఉపసంహరించుకోవాలని 2023లో నిర్ణయించారు. మన సంఘాలకు అలాంటి నిధులు లేకపోవచ్చు. కానీ భూములు ఉన్నాయి. వాటిని అమ్మేటప్పుడు, లీజుకిచ్చేటప్పుడు, కొత్త భవనం కోసం చెట్టు కొట్టేటప్పుడు తీసుకునే నిర్ణయం ప్రసంగం కంటే గట్టిగా వినిపిస్తుంది.

అభ్యంతరాలు

ఈ బోధపై సంఘాల లోపల అభ్యంతరాలూ ఉన్నాయి. ఆత్మల రక్షణే సంఘం పని అని, చెట్లూ చెరువులూ ప్రభుత్వం చూసుకోవాలని కొందరంటారు. ఈ లోకం ఎలాగూ గతించిపోయేదే కదా అని మరికొందరి వాదన. ప్రకృతిని పూజించడానికి ఇది దారి తీస్తుందేమోనన్న భయమూ ఉంది. వీటికి సంఘాలిచ్చే జవాబు ఒక్కటే: సృష్టిని కాపాడటం దాన్ని పూజించడం కాదు, అప్పగించిన వస్తువును భద్రంగా ఉంచడం. బయటి నుంచి వచ్చే ప్రశ్న మరింత పదునైనది. రేవులు, కర్మాగారాలు, ఇసుక తవ్వకాల మీద నిర్ణయాలు మరెక్కడో జరుగుతుంటే చర్చి ఆవరణలోని ఇంకుడు గుంత ఏం మారుస్తుంది? ఒక్క గుంత ఏమీ మార్చదు, నిజమే. కానీ తన ఆవరణను సరిచేసుకున్న సంఘానికే కాలువ ఆక్రమణ గురించి, చెరువు పూడిక గురించి అధికారులను నిలదీసే నైతిక బలం ఉంటుంది.

పుదుచ్చేరికి ప్రధాన వానకాలం ఈశాన్య రుతుపవనాలతో సాధారణంగా అక్టోబర్ రెండో సగంలో మొదలవుతుంది. సృష్టి కాలం ముగిసేది అక్టోబర్ 4న. కాలువల పూడిక తీయడానికి, ఇంకుడు గుంతలు శుభ్రం చేయడానికి, పల్లపు ఇళ్లలోని వృద్ధుల జాబితా రాసుకోవడానికి, బడి గదులను ఆశ్రయంగా సిద్ధం చేయడానికి సరైన సమయం సరిగ్గా ఆ ఐదు వారాలే. ప్రార్థనల క్యాలెండరు, వానల క్యాలెండరు ఇంత చక్కగా కలిసొచ్చే చోట్లు తక్కువ. ఆ ఐదు వారాలను ఎలా వాడుకున్నారో తర్వాతి తుపానుకు తెలుస్తుంది.